పారిపోయిందా? వెళ్ళిపోయిందా?

కువైట్‌లో ఉన్న తెలుగువాడికి వేరే ఇంగ్లీషు రాకపోయినా "అబ్‌స్కాండింగ్" అన్న మాట మాత్రం వస్తుంది. "నా పనిమనిషి కనబడటం లేదు" అని కఫీల్ ఫిర్యాదు ఇస్తే పడే ముద్ర అది. ఆ తర్వాత అకామా పోతుంది, దొరికితే డిపోర్టేషన్. రిగ్గైలో ఉంటూ ఈ మాటతో మొదలయ్యే అర్జీలు నేను చాలానే చూశాను. వాటిని రాసిపెట్టేది చదువుకున్న మనమే కాబట్టి ఈ నాలుగు ముక్కలు.

లాటిన్‌లో దాక్కోవడం అనే మాట నుంచి వచ్చిందిది. చట్టానికి చిక్కకుండా రహస్యంగా పోవడమని అర్థం. మన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 82వ సెక్షన్‌లో వారంటు తప్పించుకు తిరిగేవాడికి వాడిన మాట ఇదే. కానీ కువైట్‌లో ఆ ఫిర్యాదుకు అరబ్బీ పేరు "తగయ్యుబ్". అంటే గైరుహాజరు, అంతే! (సౌదీవాళ్ళ "హురూబ్"కు పారిపోవడమనే అర్థం, అది వేరే సంగతి.) ఇంగ్లీషులోకి వచ్చేసరికి గైరుహాజరు కాస్తా పరారీ అయింది.

మనమూ తక్కువ తినలేదు. అరబ్బీలో "పోనీ, వదిలెయ్" అనే మాటను "ఖల్లివెల్లి" చేసి, కాగితాలు లేని మనిషికి పేరుగా పెట్టేశాం. 2018, 2020, 2024లలో ఇక్కడ ప్రకటించిన ఆమ్నెస్టీని "క్షమాభిక్ష" అన్నాం. తప్పూ వాళ్ళదే, భిక్షా వాళ్ళకే!

కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో ఖద్దామాగా వచ్చినామె, జీతమివ్వక కొడుతుంటే తట్టుకోలేక నేరుగా మన ఎంబసీకి వెళ్తుంది. పేరు, ఊరు చెప్పి ఆశ్రయం అడుగుతుంది. ఇందులో దాక్కోవడం ఎక్కడుంది? 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపని రోజుకు 12 గంటలు మించకూడదు, వారానికో సెలవివ్వాలి, ఆమె ఒప్పుకోనిదే పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. ముందు చట్టం దాటిందెవరు?

నోటీసివ్వకుండా మానేసిన ఇంజనీరును కూడా ఇండియాలో హెచ్చార్‌వాళ్ళు ఇదే మాట అంటారు. అమెరికాలో అయితే "క్విట్" అని ఊరుకుంటారు. ఇంజనీరుకు మహా అయితే రిలీవింగ్ లెటర్ రాదు. ఖద్దామాకు ఆ మాట ఖరీదు చాలా ఎక్కువ.

అందుకే అర్జీ రాసేటప్పుడు "అబ్‌స్కాండెడ్" అని రాయకండి. "ఇన్ని నెలల జీతం ఇవ్వనందున ఫలానా తేదీన పని వదిలి ఎంబసీకి వచ్చింది" అని రాయండి. తేదీ తప్పకుండా వెయ్యండి. కఫీల్ ఫిర్యాదు ఆ తర్వాత పెట్టిందైతే చూపించుకోవడానికి ఆమె చేతిలో ఒక కాగితముంటుంది.