ఎడమకాలికి సెలవు

కొత్త కోడెకు కాడి అలవాటు చేయటం మా మెట్టప్రాంతంలో అందరికీ తెలిసిన విద్యే. ముందు ఖాళీ బండికి కడతారు. పక్కన అనుభవం గల పాత ఎద్దును జత చేస్తారు. మొదటిరోజే బస్తాలెత్తి పరుగెత్తించే రైతు ఉండడు. కొత్త కారుతో వచ్చిన పుస్తకంలో, మొదటి వెయ్యి కిలోమీటర్లూ నిదానంగా నడపమని చదివినప్పుడు నాకు ఆ సంగతే గుర్తొచ్చింది.

మా అబ్బాయి కొనిపెట్టిన ఆటోమేటిక్ కారు అది. 2014లో మారుతి వారి సెలేరియోతో మన దేశపు చిన్న కార్లలోకి వచ్చిన ఏర్పాటే దీనిలోనూ ఉంది. లోపల క్లచ్చీ ఉంది, గేర్లూ ఉన్నాయి. వాటిని నడిపేది మాత్రం మన కాలూ చెయ్యీ కాదు, యంత్రమే.

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, మర్నాటి నుంచి జగ్గయ్యపేట, నందిగామల మధ్య తిప్పటం మొదలుపెట్టాను. 65వ నంబరు జాతీయ రహదారి ఎంత ఊరించినా ఏక్సిలేటరు అదిమి తొక్కలేదు. ఒకే వేగాన సాగిపోకుండా కాసేపు పెంచి, కాసేపు తగ్గించి నడిపాను. కొత్త ఇంజనులో పిస్టను రింగులూ, సిలిండరు గోడలూ ఒకదానితో ఒకటి ఒరుసుకుని కుదురుకోవాలి కదా! కారుకు కావలసినవన్నీ చేశానని మురిసిపోయాను.

మరిచిందల్లా నా ఎడమకాలిని.

నందిగామ బజారులో ఓ కుర్రవాడు సైకిలుతో అడ్డం వచ్చాడు. నలభై ఏళ్ల అలవాటు! ఎడమకాలు క్లచ్చి కోసం లేచింది. అక్కడ క్లచ్చేదీ? వెడల్పాటి బ్రేకు ఉంది. క్లచ్చి తొక్కినంత బలంగానూ దాన్ని తొక్కేశాను. కారు ఉన్నపళాన ఆగింది. కుర్రవాడు క్షేమమే గాని, వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న మా మనవరాలి పెదవి ముందు సీటుకు తగిలి చిట్లింది.

"కారుకు అలవాటు చేయటం సరే, ముందు మీరు అలవాటుపడండి" అంది మా ఆవిడ, పిల్ల పెదవికి చెంగు అద్దుతూ. జవాబు చెప్పే ముఖం నాకు లేదు.

ఆ మర్నాటి నుంచి పదిరోజులు తెల్లవారుజామునే ఊరి బయటి ఖాళీ స్థలానికి వెళ్లాను. ఎడమకాలిని పక్కన పెట్టి, బ్రేకుకూ ఏక్సిలేటరుకూ కుడికాలొక్కటే వాడటం నేర్చుకున్నాను. 'డి'లో ఉండగా బ్రేకు వదిలితే బండి తనంతట తానే పాకుతుందనీ, ఎత్తు మీద ఆగినప్పుడు ఏక్సిలేటరుతో నిలబెడితే లోపలి క్లచ్చి వేడెక్కి అరిగిపోతుందనీ, అక్కడ బ్రేకే వేయాలనీ తెలిసింది. ఇప్పుడు వెనక కూర్చున్నవారు బెల్టు పెట్టుకుంటేగాని కారు కదలదు.

కొత్త కోడె అన్నీ నేర్చుకునే వచ్చింది. కాడి అలవాటు కావలసింది పాత ఎద్దుకే! మీ ఇంట్లో పెద్దవారికి ఇలాటి కారు కొనిపెడితే, తాళాలతోపాటు ఓ పదిరోజుల వ్యవధి కూడా ఇవ్వండి.