అప్పగింత పాఠము – అమెరికా కళాశాలలు నేర్పిన గుణపాఠము

వల్లించుటయే విద్యగా సాగిన పద్ధతి మన పాఠశాలలకే చెందినదని పెక్కురు తలంతురు. పందొమ్మిదవ శతాబ్దిలో అమెరికా కళాశాలల విద్యార్థులెట్లు చదివిరో తెలిసినచో ఈ తలంపు నిలువదు. గ్రీకు, లాటిను, గణితములే విద్యకు పునాదియని యేల్ కళాశాల 1828లో ఒక నివేదికను ప్రకటించినది. ఆ శతాబ్ది ఉత్తరార్ధమునను అచ్చటి విద్యార్థి దినచర్య చాలవఱకు ఆ త్రోవనే నడచినది. ప్రార్థనా మందిరమునకు విధిగా పోవలెను. పిదప తరగతిలో పేరు పిలువగానే లేచి, నియమించిన గ్రీకు వాక్యములను అనువదించి, వ్యాకరణ ప్రశ్నలకు బదులు చెప్పవలెను. ఉపాధ్యాయుడు విని మార్కు వేసికొనును. పెక్కు తరగతులలో పాఠమనగా ఇంతియే.

ఇట్టి చదువునకు విద్యార్థులు కనుగొన్న విరుగుడు దొంగచాటు అనువాద గ్రంథము. దానికి వారు పెట్టిన ముద్దుపేరు 'పొట్టి గుఱ్ఱము'. నడచు శ్రమ లేకుండ పాఠమును దాటించునది గదా!

1869లో హార్వర్డు అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్ ఐచ్ఛిక విధానమును విస్తరించెను. నిర్బంధ పాఠ్యాంశములు 1872లో నాలుగవ సంవత్సరమునకును, 1879లో మూడవ సంవత్సరమునకును, 1884లో రెండవ సంవత్సరమునకును తొలగినవి. 1886లో నిర్బంధ ప్రార్థనయు పోయినది. ఈ నడుమ 1883లో చార్లెస్ ఫ్రాన్సిస్ ఆడమ్స్ హార్వర్డులోనే ఉపన్యసించుచు, నిర్బంధ గ్రీకును కళాశాలలు గ్రుడ్డిగా పూజించు విగ్రహమని నిరసించెను. 1885లో ప్రిన్స్‌టన్ అధ్యక్షుడు జేమ్స్ మెకాష్ న్యూయార్కులో ఎలియట్‌తో వాదించి, బాలురకు ఇంతటి స్వేచ్ఛ తగదనెను. అయినను ప్రవాహము మఱలలేదు.

ఆ కాలముననే ఆ దేశమున సంస్కృతమునకు పట్టిన గతి వేఱు. 1854 నుండి యేల్‌లో సంస్కృతాచార్యుడైన విలియం విట్నీకి శిష్యులు కొలదిమందియే. వారిని ఎవరును నిర్బంధింపలేదు. విట్నీ పాణినీయమును గూర్చి వెలిబుచ్చిన అభిప్రాయములను మాబోంట్లు అంగీకరింపజాలరు. అయినను ఆయన శిష్యసంపదను కాదనజాలము. ఆయనకడ చదివిన చార్లెస్ లాన్మన్ 1880లో హార్వర్డునకు పోయి, 1891లో హార్వర్డు ప్రాచ్య గ్రంథమాలను నెలకొల్పెను. మఱియొక శిష్యుడు మారిస్ బ్లూమ్‌ఫీల్డు 1906లో వైదిక మంత్రపాద సూచికను వెలువరించెను. విట్నీ 1894లో గతించునప్పటికి అసంపూర్ణముగా నిలిచిన అథర్వవేదానువాదమును లాన్మన్ పూర్తిచేసి 1905లో ప్రకటించెను. గురు ఋణము తీర్చుట యన నిదియే.

దీనినిబట్టి నిర్బంధము చెడ్డదనియు, స్వేచ్ఛ మంచిదనియు తీర్మానించుట తొందరపాటగును. ఏది తనకు మేలో పదునెనిమిదేండ్ల బాలునకు తెలియదన్న మెకాష్ పక్షమున కొంత న్యాయమున్నది. బాల్యమున కౌముదిని వల్లింపుమని గురువుగారు నిర్బంధింపకున్నచో నేడు నాకు సూత్రమొక్కటియు నోటికి రాదు. కాని సాయంకాలము ఆయన ఆ సూత్రమునకే అర్థము విప్పెడివారు. అప్పగించుకొనువాడు పరీక్షకుడు మాత్రమే, విప్పిచెప్పువాడు గురువు. అమెరికాలో గ్రీకునకు చేటు తెచ్చినది ధారణ కాదు, వ్యాఖ్యానము కొఱవడిన ధారణ.

మన ప్రాచ్య కళాశాలల అధ్యాపకులు ఆలోచింపవలసినదిచ్చటనే. ప్రవేశముల సంఖ్య తగ్గినదని వగతుము. నిబంధనలు మనలను కాపాడవలెనని కోరుదుము. నిబంధన తరగతిని నింపగలదు గాని శాస్త్రమును నిలుపజాలదు. ప్రశ్నోత్తర సంగ్రహములు మన విద్యార్థుల పొట్టి గుఱ్ఱములు. వానిని నిషేధించుటకంటె, వాని అవసరము లేని పాఠము చెప్పుట మేలు. తరగతిలో నలుగురే యున్నచో ఆ నలుగురకే నిండుగా చెప్పుదము. వారిలో ఒక్కడైనను మనము అసంపూర్ణముగా విడిచిన గ్రంథమును పూర్తిచేయువాడు కావచ్చును.