దిగకపోవడమూ విద్యే

2016 జూన్ 9. అమెరికాలోని హ్యూస్టన్ హాబీ విమానాశ్రయం మీద చిన్న విమానమొకటి, సిరస్ ఎస్‌ఆర్ 20, తిరుగుతోంది. ఆసుపత్రిలో ఉన్న బంధువు కోసం ఓక్లహోమా నుంచి వచ్చిన ముగ్గురు అందులో ఉన్నారు. తూర్పు గాలి, విసురు వస్తే 20 నాట్లకు, అంటే గంటకు 37 కిలోమీటర్లకు అటూఇటూ. వెనక పెద్ద జెట్ వస్తోందని కంట్రోల్ టవర్ మహిళా పైలట్‌ను ఒకసారి పక్కకు తప్పించింది. తర్వాత ఇచ్చిన 35వ నంబరు రన్‌వే ఉత్తరంగా సాగుతుంది కాబట్టి గాలి దాదాపు అడ్డంగా కొట్టింది. ఎత్తు ఎక్కువై దిగడం కుదరలేదు. మళ్లీ వచ్చినా అంతే. తిరిగి పైకి లేస్తుండగా విమానం కూలి, దుకాణం ముందున్న కారు మీద పడింది. ముగ్గురూ చనిపోయారు.

తప్పు గాలిదే అనేస్తే సరిపోదు. వేగం పుంజుకోకముందే ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచు పలకలు) ఎత్తేయడంతో విమానం స్టాల్ అయిందని, అంటే రెక్కలు ఎత్తిపట్టే శక్తి కోల్పోయాయని, అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చింది. కంట్రోలర్లు కీలక సమయంలో చిక్కు ఆదేశాలివ్వడం, పైలట్ గట్టిగా కాదనకపోవడం కూడా తోడయ్యాయని చెప్పింది.

విమానాన్ని నిలబెట్టేది రెక్కల మీదుగా పారే గాలి. ఎదురుగాలి ఒక్కసారిగా 10 నాట్లు పడిపోతే ఆ వేగమూ అంత పడిపోతుంది. 130 నాట్లతో దిగే జెట్ దాన్ని ఓర్చుకోగలదు. 70, 80 నాట్లతో దిగే చిన్న విమానానికి మిగిలే ఆసరా తక్కువ. అందుకే గాలి 12 నాట్లు, విసురు 20 ఉంటే, తేడాలో సగం, అంటే 4 నాట్లు, కలుపుకొని రమ్మని నేర్పుతారు. అప్పటికీ కుదురు చిక్కకపోతే గో అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేవడం, చేయాలి: ముందు ఇంజిన్‌కు పూర్తి శక్తి, తర్వాత వేగం, ఆ పైన ఫ్లాప్స్ అంచెలంచెలుగా. పక్కన కుటుంబం, చెవిలో ఆదేశాల మీద ఆదేశాలు ఉన్నప్పుడు ఈ వరస తప్పకూడదంటే చేతికి అలవాటై ఉండాలి.

హైదరాబాద్ దగ్గరి నాదర్‌గుల్‌లోనో, అమెరికాలోనో విమానం నేర్చుకుంటున్న మన పిల్లల శిక్షకులకు నా విన్నపం ఒక్కటే. దిగడం ఎంత శ్రద్ధగా నేర్పుతారో, దిగకుండా లేచిపోవడం అంతే శ్రద్ధగా, గాలి ఉన్న రోజునే పక్కన కూర్చుని నేర్పండి. ‘ఈ రన్‌వే నాకు కుదరదు, వేరేది ఇవ్వండి, లేదంటే ఇంకో విమానాశ్రయానికి వెళ్తాను’ అని టవర్‌కు చెప్పడం సాధన చేయించండి. విమానం విషయంలో తుది నిర్ణయం పైలట్‌దేనని అమెరికా నిబంధనలూ చెబుతున్నాయి. ఆ హక్కు వాడుకుని ఆలస్యంగా చేరిన పైలట్‌ను యజమానులు గానీ, ప్రయాణికులు గానీ, ఇంట్లోవాళ్లు గానీ నిలదీయకూడదు.