లాస్ ఏంజెలెస్ స్కూళ్లు: మార్కులు పెరిగాయ్.. పిల్లలు తగ్గారు.. మరి డబ్బుల సంగతేంటి?

రిజల్ట్స్ చూస్తే రికార్డు.. క్లాస్‌రూముల్లో మాత్రం ఖాళీ బెంచీలు. న్యూయార్క్ తర్వాత అమెరికాలోనే అతిపెద్ద ప్రభుత్వ స్కూల్ డిస్ట్రిక్ట్ అయిన లాస్ ఏంజెలెస్ యూనిఫైడ్‌లో ఇప్పుడు నడుస్తున్న కథ ఇదే.

ముందు మార్కులు చూద్దాం. 2024-25 రాష్ట్ర పరీక్షల్లో ఇంగ్లిష్‌లో 46.5 శాతం, మ్యాథ్స్‌లో 36.8 శాతం మంది అందుకోవాల్సిన స్థాయిని అందుకున్నారు. ఇప్పుడున్న పరీక్షలు 2015లో మొదలయ్యాక ఇదే బెస్ట్. కరోనా దెబ్బకి 2022లో మ్యాథ్స్ 28.5 శాతానికి పడిపోయింది. అక్కడి నుంచి లేచి కాలిఫోర్నియా సగటు 37.3కి అర పాయింట్ దూరంలోకి వచ్చారు. ఇక్కడ నలుగురు పిల్లల్లో ముగ్గురు లాటినోలే. 80 శాతానికి పైగా పేద కుటుంబాల వాళ్లు. కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అలాగని పండగ చేసుకునేంతా లేదు.. మ్యాథ్స్‌లో వంద మందికి 63 మంది ఇంకా వెనకే ఉన్నారు.

అసలు చిక్కు డబ్బుల దగ్గర. 2000ల మొదట్లో ఇక్కడ 7 లక్షల మందికి పైగా చదివేవాళ్లు. ఇప్పుడు చార్టర్ స్కూళ్లను కలిపినా సుమారు 5 లక్షలే. ఇళ్ల అద్దెలు కట్టలేక ఊరు వదిలినవాళ్లు కొందరు. జననాలు కూడా తగ్గాయి.

కాలిఫోర్నియాలో నిధులు వచ్చేది అడ్మిషన్ల లెక్కన కాదు, రోజువారీ హాజరు లెక్కన. మన దగ్గర మధ్యాహ్న భోజనం బిల్లు హాజరును బట్టి వస్తుంది కదా.. అక్కడ స్కూల్ నడిపే డబ్బులో ఎక్కువ భాగానికి అదే రూల్. 500 మంది పేర్లున్నా రోజూ సగటున 460 మందే వస్తే, 460 మందికే డబ్బు. టీచర్ జీతం, కరెంట్ బిల్లు, బస్సు ఖర్చు మాత్రం తగ్గవు.

పేద పిల్లలకు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకు అదనంగా ఇచ్చే పద్ధతి 2013 నుంచి ఉంది. మంచి పద్ధతే. కానీ ఆ అదనం కూడా హాజరుతోనే ముడిపడి ఉంది. ఇప్పుడు దానికి భయం తోడైంది. 2025 ఏప్రిల్‌లో ఫెడరల్ ఏజెంట్లు రెండు ప్రైమరీ స్కూళ్లకు వస్తే సిబ్బంది లోపలికి రానివ్వలేదు. జూన్‌లో నగరంలో ఇమిగ్రేషన్ దాడులు పెరిగాయి. పిల్లాడిని బడికి పంపాలంటేనే వణికే ఇల్లు ఉంటే, ఆ రోజు హాజరూ పోయినట్టే, ఆ డబ్బూ పోయినట్టే.

మరి ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చారు? ఒకటి, కరోనా టైమ్‌లో వచ్చిన ఫెడరల్ సాయం. ట్యూటర్లు, కౌన్సెలర్లు, అదనపు క్లాసులు చాలావరకు ఆ డబ్బుతోనే. దాని గడువు 2024 సెప్టెంబర్‌తో అయిపోయింది. రెండు, హాజరు పడిపోతే గత మూడేళ్ల సగటు చూపించుకునే వెసులుబాటు. దానివల్ల దెబ్బ కాస్త ఆలస్యంగా తగులుతుంది, అంతే. రికార్డు మార్కులు తెచ్చిపెట్టిన మనుషుల్నే ముందు తీసేస్తారేమో అన్నదే నా డౌట్.

ఖాళీ స్కూళ్లు మూసేయొచ్చుగా అంటారా? ఆక్లాండ్ 2022లో ఆ పని చేయబోయింది. టీచర్లు నిరాహార దీక్షకు దిగారు. 2023 జనవరిలో కొత్త బోర్డు వచ్చి, మిగిలిన మూసివేతల్ని ఆపేసింది.