కోలుకున్నదెవరు, కొనేదెవరు?



దేశం కోలుకున్నదని, జనం బాగా ఖర్చు పెడుతున్నారని తరచుగా వింటున్నాం. కొత్త కార్లు, మాల్స్‌లో రద్దీ అందుకు సాక్ష్యమట. సోలాపూర్‌లో మన మగ్గాల మీద దిగేవి కార్లు కావు, తువ్వాళ్లు, చద్దర్లు. డబ్బు తగ్గిన ఇంట్లో బియ్యం, కిరాయి, పిల్లల ఫీజు ఆగవు. ఆగేది చద్దరే. చిరిగినదాన్నే కుట్టుకుని ఇంకో చలికాలం గడుపుతారు.

2020 ఏప్రిల్-జూన్ నెలల్లో దేశ ఉత్పత్తి దాదాపు నాలుగో వంతు పడిపోయింది. తర్వాత పుంజుకున్నమాట నిజమే, కాదనం. మరి జనం ధైర్యం? రిజర్వు బ్యాంకు రెండు నెలలకోసారి నగరాల్లో కుటుంబాలను అడిగి ఒక సూచీ వేస్తుంది. 100 దాటితే నమ్మకం, తగ్గితే దిగులు. 2021 మధ్యలో అది 50 కంటే కిందికి దిగింది. మెల్లగా లేచింది గానీ 2024 ఏడాది పొడుగునా 100 దాటలేదు. విచిత్రమేమంటే, వచ్చే ఏడాది బాగుంటుందని ఆ కుటుంబాలే చెబుతూ వచ్చాయి. వచ్చే ఏడాది ఆశ చూపిస్తే ఏ దుకాణదారు సరుకిస్తాడు?

పీసు రేటు మీద బతికేవాళ్లం మనం. నూలు ధర పెరిగిందని సేఠు రెండు రోజులు మగ్గాలు ఆపితే, ఆడవాళ్లు చుట్టే బీడీల మీదే పొయ్యి వెలగాలి. అలాంటి ఇల్లు పండగకు బట్టలు కొన్నా ఉచల్ తీసుకునే కొంటుంది. లెక్కల్లో దాన్నీ గిరాకీ అనే రాస్తారు!

పన్ను తగ్గించారు కదా అంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు బట్టలకు జి.ఎస్.టి. 5 శాతమే. మంచిదే. అయితే 1,000 లోపు సరుకుకు అంతకుముందే 5 శాతం ఉండేది. మన తువ్వాలు ఏనాడు వెయ్యి దాటింది? దాన్ని కొనేవాడు మనలాంటి కూలివాడే. జాతీయ కనీస కూలి మట్టాన్ని 2019లో రోజుకు 176 నుంచి 178 రూపాయలు చేశారు. పెంచింది రెండు రూపాయలు. దాంతో చాయ్ కూడా రాదు.

ఈసారి రేట్ల చర్చలో "గిరాకీ లేదు, కూలి ఎక్కడ పెంచేది" అని యాజమాన్యాలు అంటాయి. కూలి పెరగనిదే గిరాకీ ఎలా వస్తుందని మనం అడగాలి. ఒక్క సేఠు పెంచితే వస్తుందా అంటారు. రాదు, నిజమే. అందుకే ఊరంతటికీ ఒకే రేటు, మగ్గం ఆగిన రోజులకు భత్యం అడుగుతున్నాం. ఈ రెండూ దీపావళి బోనస్ మాటలకు ముందే తేలాలి.