వైకుంఠపాళిలో ఓ మామూలు ఆటగాడు

ఫుట్‌బాల్ అనగానే చప్పున గుర్తొచ్చే పేర్లు నాలుగైదు. పీలే, మారడోనా, మెస్సీ, రొనాల్డో. ఆ వరసలో గారెత్ ఎయిన్స్‌వర్త్ పేరు లేదు. ఎప్పటికీ ఉండదు కూడా. అతడు ప్రపంచ కప్‌లో ఆడలేదు. ఇంగ్లండ్ సీనియర్ జట్టు చొక్కా ఒక్కసారి కూడా తొడుక్కోలేదు. మిడ్‌ఫీల్డ్‌లో కుడివైపు అంచున, ఎక్కువగా కింది అంచె లీగ్‌లలో, ఇరవయ్యేళ్లు పరుగెత్తాడు. రమారమి ఐదొందల లీగ్ మ్యాచ్‌లాడి వందకు అటూ ఇటూ గోల్స్ కొట్టాడు. బదిలీ ఉత్తర్వు అందినప్పుడల్లా ట్రంకు పెట్టె సర్దుకునే గుమస్తా కెరీర్ లాంటిది అతడిది.

అలాంటి ఆటగాడి ముచ్చట మనకెందుకు? అతడి కన్నా, ఓ మామూలు పనివాణ్ని అన్నేళ్లపాటు పనిలో నిలబెట్టిన ఏర్పాటు మనకు ముఖ్యం కనుక. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన హైదరాబాద్ క్లబ్బు, నాలుగేళ్లు నిండకముందే ఊరు విడిచి ఢిల్లీకి ఎందుకు తరలిపోయిందో అర్థం కావాలంటే, అక్కడ ఉన్నదేమిటో, ఇక్కడ లేనిదేమిటో చూడాలి.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అచ్చంగా మన వైకుంఠపాళి. పైన ప్రీమియర్ లీగ్‌లో 20 క్లబ్బులు, దాని కింద మూడు అంచెల్లో 72. మొత్తం 92. వాటి కింద ఊరి జట్ల దాకా ఇంకా ఎన్నో అంచెలు. గెలిచినవాడికి నిచ్చెన, ఓడినవాడికి పాము. 92 క్లబ్బుల గడప కూడా మూసి ఉండదు. కింది లీగ్ విజేత నేరుగా లోపలికి వచ్చే దారి 1987 నుంచీ ఉంది. ఇన్ని గడులున్నాయి కాబట్టే ఆ పటం మీద ఎయిన్స్‌వర్త్ లాంటి పావుకు చోటు దొరికింది.

1973లో లాంకషైర్ మిల్లుల పట్టణం బ్లాక్‌బర్న్‌లో అతడు పుట్టాడు. సొంతూరి క్లబ్బు కుర్రవాడిగా చేర్చుకుని, పనికిరాడని వదిలేసింది. మన దగ్గరైతే కథ అక్కడితో సరి. అతడు మాత్రం లీగ్ బయటున్న నార్త్‌విచ్ విక్టోరియాలో ఆడి, 1992లో ప్రెస్టన్ గుమ్మం ఎక్కాడు. అక్కణ్నుంచి కేంబ్రిడ్జ్, మళ్లీ ప్రెస్టన్. కోచ్ జాన్ బెక్ ఎక్కడికి వెళితే అతడూ అక్కడికే. మైదానం మూలల్లో గడ్డి ఏపుగా పెంచి, బంతిని అక్కడికి బాదించి, దాని వెంట వింగర్లను పరుగెత్తించడంలో పేరుమోసినవాడు బెక్. సొగసు కోరుకునేవారికి అది ఆటే కాదు. గుండె నిండా ఊపిరి తప్ప వేరే ఆస్తి లేని కుర్రాడికి మాత్రం అంతకు మించిన బడి లేదు.

1995లో లింకన్ సిటీ అతణ్ని 25,000 పౌండ్లకు కొనుక్కుంది. 1997లో పోర్ట్ వేల్ 5 లక్షలిచ్చింది. 1998లో ప్రీమియర్ లీగ్ క్లబ్బు వింబుల్డన్ ఏకంగా 20 లక్షల పౌండ్లు పెట్టింది. మూడేళ్లలో ధర 80 రెట్లు. నిచ్చెన అంటే అది. 1999 ఆగస్టులో న్యూకాజిల్ మీద రెండు గోల్స్ కొట్టి మ్యాచ్‌ను డ్రాగా ముగించాడు. ఆ తర్వాత పాము కాటేసింది. గాయం వెంట గాయం. నాలుగేళ్లకు పైగా ఆ క్లబ్బులో ఉండి 40 లీగ్ మ్యాచ్‌లు కూడా ఆడలేకపోయాడు. 2000లో క్లబ్బు కూడా ప్రీమియర్ లీగ్ నుంచి జారిపోయింది.

అరువు మీద ప్రెస్టన్, వాల్సాల్. తర్వాత కొన్నాళ్లు కార్డిఫ్. 2003లో 30 ఏళ్ల వయసులో, పైసా బదిలీ రుసుము లేకుండా క్వీన్స్ పార్క్ రేంజర్స్. 20 లక్షల సరుకు ఐదేళ్లు తిరక్కుండా ఉచితమైపోయింది. కానీ ఆట ఆగలేదు. ఆ క్లబ్బు 2004లో రెండో అంచెకు ఎక్కినప్పుడు జట్టులో ఉన్నాడు. రెండుసార్లు తాత్కాలిక మేనేజర్‌గానూ కుర్చీ కాపు కాశాడు. 36వ ఏట మూడో అంచెలో పోరాడుతున్న విక్కమ్ వాండరర్స్‌కు చేరి, నలభయ్యో పడికి దగ్గరయ్యేదాకా బూట్లు విప్పలేదు.

ఇలా ఊళ్లు మారే స్వేచ్ఛ ఆకాశం నుంచి ఊడిపడిందేమీ కాదు. 1961 దాకా ఇంగ్లండ్‌లో ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి 20 పౌండ్లు మించి ఇవ్వకూడదన్న నిబంధన ఉండేది. 1907లో ఏర్పడిన ఆటగాళ్ల సంఘం, జిమ్మీ హిల్ నాయకత్వంలో సమ్మెకు సిద్ధపడి దాన్ని ఎత్తేయించింది. కాంట్రాక్టు ముగిసినా ఆటగాణ్ని వదలకుండా అట్టిపెట్టుకునే హక్కు కూడా క్లబ్బులకు ఉండేది. జార్జ్ ఈస్థమ్ కోర్టుకెక్కితే, అది వృత్తి స్వేచ్ఛకు అడ్డంకి అని 1963లో హైకోర్టు తేల్చింది. 1995 డిసెంబర్‌లో ఐరోపా న్యాయస్థానం మరో అడుగు వేసింది. కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు రుసుముతో పనిలేకుండా సమాఖ్యలోని మరో దేశపు క్లబ్బుకు వెళ్లొచ్చంది. ఆ కేసు వేసిన బెల్జియం ఆటగాడు బోస్మన్ కూడా పెద్ద పేరున్నవాడేం కాదు, సాధారణ మిడ్‌ఫీల్డరే. తీర్పు వల్ల తారలు కోట్లకు పడగలెత్తారు. అతడి కెరీర్ మాత్రం ఆ పోరులోనే హారతి కర్పూరమైంది.

విక్కమ్ కథ ఇంకా ఆసక్తికరం. కుర్చీల తయారీకి పేరుపడ్డ ఊరు కావడంతో ఆ జట్టుకు 'చెయిర్‌బాయ్స్' అన్న ముద్దుపేరుంది. 2012లో ఎయిన్స్‌వర్త్ అక్కడ ఆటగాడిగా ఉంటూనే మేనేజరయ్యాడు. క్లబ్బు అభిమానుల ట్రస్టు చేతిలో ఉంది, పెట్టెలో డబ్బు లేదు. 2014 మే 3న లీగ్‌లో ఆఖరి రోజు. తాను గెలిచి, బ్రిస్టల్ రోవర్స్ ఓడితే 92లో చోటు నిలుస్తుంది. టోర్కీ మీద విక్కమ్ 3-0తో గెలిచింది, రోవర్స్ ఓడింది. పాయింట్లు సమానం కావడంతో గోల్స్ తేడా విక్కమ్‌ను బతికించింది. అదే జట్టు, అదే మేనేజర్ 2018లో ఓ మెట్టెక్కారు. 2020 జులై 13న కరోనా వల్ల ఖాళీగా ఉన్న వెంబ్లీలో ఆక్స్‌ఫర్డ్‌ను 2-1తో ఓడించి, క్లబ్బు చరిత్రలో తొలిసారిగా రెండో అంచెకు చేరారు. మరుసటి ఏడాదే ఒక్క పాయింటు తేడాతో జారిపోయారు. వైకుంఠపాళిలో ఎవరూ శాశ్వతంగా పైగడిలో కూర్చోరు. శాశ్వతంగా కింద పడి ఉండాల్సిన పనీ లేదు.

ఆ వ్యవస్థ స్వర్గమని దీనర్థం కాదు. మన బైచుంగ్ భుటియా 1999లో వెళ్లి ఆడిన బరీ క్లబ్బు, రెండుసార్లు ఎఫ్‌ఏ కప్ గెలిచిన చరిత్ర ఉండి కూడా, అప్పులు తీర్చే దారి చూపలేక 2019 ఆగస్టులో లీగ్ నుంచి బహిష్కరణకు గురైంది. ఎయిన్స్‌వర్త్ పాత క్లబ్బు వింబుల్డన్‌ది మరో విషాదం. 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలిపోవడానికి 2002లో దానికి అనుమతి దొరికింది. మరుసటి ఏడాది జట్టు ఊరు దాటింది. మోసపోయిన అభిమానులు ఏం చేశారు? చందాలేసుకుని కొత్త క్లబ్బు పెట్టి, ఎక్కడో అడుగు లీగ్‌లో మొదలెట్టారు. తొమ్మిదేళ్లలో ఐదు మెట్లెక్కి 2011 కల్లా 92 క్లబ్బుల సరసన చేరారు. తమ క్లబ్బును ఎత్తుకుపోయినవాళ్లతోనే తర్వాత లీగ్ మ్యాచ్‌లాడారు. నిచ్చెన ఉండబట్టే ఆ పని సాధ్యమైంది.

ఇప్పుడు హైదరాబాద్‌కు వద్దాం. ఈ నగరానికి ఫుట్‌బాల్ కొత్త కాదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమే భారత జట్టును 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చాడు. అప్పట్లో మామూలు ఆటగాడికి అండ సర్కారీ కొలువు. పోలీసు, రైల్వే, బ్యాంకు. మోకాలు పోయినా జీతం పోదు. సికింద్రాబాద్ నుంచి కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ మైదానంలో మెరిసిన తులసీదాస్ బలరామ్ కూడా చివరికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నీడకు చేరాడు. అది నిచ్చెన కాదు, కానీ కాళ్ల కింద నేల.

సరళీకరణ తర్వాత ఆ నేల కదిలింది. కంపెనీ జట్లు వచ్చాయి, వెళ్లాయి. మహీంద్రా యునైటెడ్ 2010లో, తొలి జాతీయ లీగ్ విజేత జేసీటీ 2011లో మూతపడ్డాయి. 2014లో ఐఎస్‌ఎల్ వచ్చింది. పైన తళుకుబెళుకులు, కింద మెట్లు లేవు. ఐ-లీగ్ నుంచి పైకి ఎక్కే దారి 2023లో పంజాబ్ జట్టుతో గానీ తెరుచుకోలేదు. కిందికి దిగే దారి 2025 సీజన్ దాకా అసలు తెరుచుకోనే లేదు.

దాని ఫలితం హైదరాబాద్ చవిచూసింది. పుణే ఫ్రాంచైజీ స్థానంలో 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2022 మార్చిలో పెనాల్టీ షూటౌట్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి కప్పు ఎత్తింది. 2023-24లో జీతాల బకాయిలతో ఆటగాళ్లు సీజన్ మధ్యలోనే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో నెట్టుకొచ్చిన జట్టు అట్టడుగున నిలిచింది. అయినా కిందికి దిగలేదు, దిగడానికి మెట్టు లేదు మరి! 2024లో యజమాని మారాడు. 2025 అక్టోబర్‌లో జట్టు కొత్త పేరుతో ఢిల్లీ చేరింది. నగరం పేరు పెట్టుకున్న క్లబ్బు ఎవరి సొత్తు? ఆ ప్రశ్న నగరాన్ని ఎవరూ అడగలేదు. శ్రీనిధి డెక్కన్ 2023, 2024ల్లో వరుసగా ఐ-లీగ్ రన్నరప్‌గా నిలిచింది. ఒక్కటంటే ఒక్క మెట్టు తక్కువైంది.

విచిత్రమేమిటంటే, 2025లో నెల తేడాతో రెండు దేశాలూ చట్టాలు చేశాయి. జులైలో బ్రిటన్ తెచ్చిన చట్టం ఫుట్‌బాల్‌కు స్వతంత్ర నియంత్రణ సంస్థను ఏర్పరచింది. క్లబ్బులకు లైసెన్సు, యజమానుల తాహతుపై పరీక్ష, ఇష్టారాజ్యంగా మైదానం మార్చకుండా అడ్డుకట్ట దాని పనులు. ఆగస్టులో మనం తెచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం సమాఖ్యల ఎన్నికలు, జాతీయ క్రీడా బోర్డు, ట్రిబ్యునల్ గురించి మాట్లాడింది. అవసరమే, కాదనలేం. కానీ అదే ఆగస్టులో లీగ్ భవిష్యత్తు తేలక బెంగళూరు ఎఫ్‌సీ తన ఆటగాళ్ల, సిబ్బంది జీతాలు నిలిపేస్తున్నట్లు ప్రకటించింది. కుర్చీలో ఎవరు కూర్చోవాలో మన చట్టం చెప్పింది. జీతం ఆగిన మిడ్‌ఫీల్డర్ మరుసటి నెల అద్దె ఎలా కట్టాలో చెప్పలేదు.

2025 డిసెంబర్ 13న మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఉప్పల్ స్టేడియం హోరెత్తింది. సంతోషం. అప్పటికి నగరం తన క్లబ్బును పోగొట్టుకుని రెండు నెలలు. ఐఎస్‌ఎల్ వాణిజ్య హక్కుల ఒప్పందం ముగిసి ఐదు రోజులు. కొత్త సీజన్ మొదలవనే లేదు. మెస్సీని చూడ్డానికి టికెట్ కొంటే చాలు. ఎయిన్స్‌వర్త్ లాంటివాణ్ని తయారు చేసుకోవడానికి జిల్లా లీగ్ కావాలి, దాని పైన రాష్ట్ర లీగ్, ఆ పైన మరొకటి, నెల తిరిగేసరికి చేతికందే జీతం కావాలి. ఓ క్లబ్బు వద్దన్న పద్దెనిమిదేళ్ల కుర్రాడు సోమవారం పొద్దున్నే బస్సెక్కి ఆడటానికి వెళ్లగలిగే మరో ఊరుండాలి.