రెండు భాషలకు వ్యాకరణము వ్రాసిన జర్మను పండితుడు

మన కళాశాల సంచికను ఎడమ వైపు నుండి తెరచిన తెలుగు కనబడును. కుడి వైపు నుండి తెరచిన ఉర్దూ. నడుమ ఒక తెల్ల కాగితము. తెలుగు చదువరులు ఆ కాగితమును దాటి అటు పోరు, ఉర్దూ చదువరులు ఇటు రారు.

ఈ రెండు భాషలకును వ్యాకరణములు వ్రాసిన ఒక జర్మను పండితుడు ఉండెనన్న సంగతి మనలో ఎందరికి తెలియును? ఆయన పేరు బెంజమిన్ షుల్జ్. 1689 లో జన్మించి, 1719 లో మిషనరీగా తరంగంబాడికి వచ్చినారు. అచటి సహచరులతో పొసగక 1726 లో చెన్నపట్టణము చేరినారు. 1728 నాటికే తెలుగు వ్యాకరణమును లాటిన్ భాషలో పూర్తి చేసినారు. నాటి ఐరోపా పండితులకు అదియే ఉమ్మడి భాష. 1741 లో హిందూస్తానీ వ్యాకరణమును కూడ లాటిన్‌లోనే రచించినారు. ఇది 1745 లో జర్మనీలోని హాలె పట్టణమున అచ్చయినది. తెలుగు వ్యాకరణము మాత్రము వ్రాతప్రతిగానే మిగిలి, 1984 లో గాని, అనగా 256 ఏండ్లకు గాని, వెలుగు చూడలేదు!

1743 లో స్వదేశమునకు మరలిన తరువాత కూడ ఆయన ఊరకుండలేదు. 1746, 1747 సంవత్సరములలో హాలెలో తెలుగు అక్షరములు పోత పోయించి చిన్న పుస్తకములు ముద్రింపించినారు. తొలి తెలుగు అచ్చు పుస్తకములు అవియే. 1760 లో మరణించినారు.

ఆయన ఉద్దేశము మతప్రచారము. దానితో మనకు నిమిత్తము లేదు. చేత నిఘంటువు లేని పరదేశి వీధిలోని మాటను పట్టి నేర్చిన ఓపికయే మనకు కావలసినది. తరువాత సి.పి. బ్రౌను 1854 లో, తెలుగులో కలిసిన అన్యదేశ్యముల కొరకే ఒక మిశ్రభాషా నిఘంటువును వెలువరించినారు.

కామారెడ్డి బజారులో రైతు బాకీ, జమ, రసీదు అనును. అవి ఏ భాషవని అడుగడు. కాని ఎల్లారెడ్డి వైపు పల్లెలలో తాతల నాటి సేత్వారు నకలు పెట్టెలో నుండి తీసినప్పుడు కథ వేరు. అది ఉర్దూలో ఉన్నది. పట్టభద్రుడైన మనుమడు దానిని తలక్రిందులుగా పట్టుకొని, చదివెడి వాని కొరకు ఊరూర తిరుగును. తన భూమి కాగితమును తాను చదువలేనివాని చదువు ఎట్టి చదువు? అటులే, ఉర్దూ మాధ్యమమున చదివిన మన సోదరుడు తెలుగు దరఖాస్తు నింపుటకు ఇతరుల చేయి చూడవలసి వచ్చుచున్నది.

పరీక్షలో దీనికి మార్కులు లేవు గదా అని కొందరందురు. నిజమే. షుల్జ్‌కు కూడ ఎవరును మార్కులు వేయలేదు.

కళాశాల కమిటీ వారికి మా విన్నపము పెద్దది కాదు. వారమునకు ఒక గంట రెండు విభాగముల విద్యార్థులను ఒకే గదిలో కూర్చుండబెట్టవలెను. ఒకరి లిపి మరొకరు నేర్పుకొందురు. ఇండ్లలోని పాత కాగితముల నకళ్లు తెచ్చి, వానిలోని మాటలకు రెండు లిపులలో అర్థములు వ్రాసిన ఒక పుస్తకమును గ్రంథాలయమున ఉంచవలెను. ఆ బీరువాకు తాళము వేయకుండుట మరింత మంచిది. వచ్చే సంచికలో ఆ నడిమి తెల్ల కాగితముపై మొదటి నూరు మాటలు అచ్చు వేయుటకు మేము సిద్ధముగా ఉన్నాము.